గోడమీది బొమ్మా, చదువురాని పాఠకుడూ

సాహిత్య విమర్శకు కేటాయించిన పత్రికలో ఆరోగ్యశాఖవారి గోడబొమ్మల గురించి రాయటమేమిటని కొందరు మిత్రులు ఆక్షేపించవచ్చు. మా కాలేజీలో వొక సహాధ్యాపకుడు అప్పుడే ఆక్షేపించాడు కూడా. "నువ్వు ఎం.ఏ. తెలుగు చదివింది యిందుకా?" అన్నాడు. యిందుకు కూడా అని నా అభిప్రాయం. వికారాబాదు నుంచి తాండూరు దాకా వున్న పల్లెల్లో, తండాల్లో మనం రాసే కథలూ గేయాలూ చదివేవాళ్ళు ఎంతమంది వున్నారో మనకు తెలుసు. కాని ఆరోగ్య ఉపకేంద్రం గోడకు అంటించిన బొమ్మను చూడని మనిషి యీ ప్రాంతంలో దాదాపు లేడు. ప్రజల్లో అంత విస్తారంగా ప్రచారం పొందే రచన మరొకటి లేనప్పుడు, దాని వస్తువేమిటి, రూపమేమిటి, అది ఎవరి తరఫున మాట్లాడుతున్నది అని అడగటం విమర్శకుడి పని కాకపోతే మరెవరి పని?

మొదట వొక లెక్క. 2011 జనాభా లెక్కల్లో అప్పటి రంగారెడ్డి జిల్లా అక్షరాస్యత 75.87 శాతం. రాష్ట్ర సగటుకన్న ఎంతో మెరుగు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడి వికారాబాదు విడిపోయాక, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన కొడంగల్ వైపు మండలాలను కలుపుకొని, అదే 2011 లెక్కను కొత్త సరిహద్దులకు కట్టి చూస్తే తేలింది 57.91. అంటే హైదరాబాదు శివారు కాలనీల చదువు, బషీరాబాదు, పెద్దేముల్ పల్లెల చదువులేమిని యిన్నాళ్ళూ కప్పిపెట్టిందన్నమాట. నూటికి నలభైమందికి పైగా అక్షరం రానివాళ్ళున్నారని తేలినచోట, అందులోనూ ఆడవాళ్ళ పాలు ఎక్కువైనచోట, అధికారులకు తోచే మొదటి వుపాయం బొమ్మ. అక్షరానికి చదువు కావాలి, బొమ్మకు కళ్ళుంటే చాలు అనేది వారి సిద్ధాంతం. నా వాదమంతా యీ సిద్ధాంతంతోనే.

తాండూరు దగ్గర వొక ఆరోగ్య కేంద్రంలో మూడు గళ్ళ బొమ్మ వొకటి చూశాను. ఎడమవైపు గడిలో వాంతులూ విరేచనాలతో వడలిపోయిన బిడ్డ. మధ్య గడిలో తల్లి బిడ్డకు గ్లాసుతో ఓఆర్‌ఎస్ నీళ్ళు తాగిస్తున్నది. కుడివైపు గడిలో బిడ్డ నవ్వుతూ ఆడుకుంటున్నాడు. అక్కడ బల్లమీద కూర్చున్న వొక ముసలాయన, నిజాం కాలంలో ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివినాయన, దాన్ని నాకు చదివి చెప్పాడు: "పోరడు మంచిగ ఆడుకుంటుండె. అవ్వ ఏందో తాగిపిచ్చింది. గిట్ల పండుకుండు." ఉర్దూ కుడినుంచి ఎడమకు నడుస్తుంది గదా! 1948 దాకా ఉర్దూ రాజభాషగా వున్న రాజ్యంలో, నేటికీ ఉర్దూ బడులున్న వూళ్ళో, బొమ్మల వరస ఎడమనుంచే మొదలవుతుందని చిత్రకారుడు ఎట్లా అనుకున్నాడు? ఆ ముసలాయన బొమ్మను తప్పు చదవలేదు. తనకు వచ్చిన పద్ధతిలో సరిగ్గానే చదివాడు. ఫలితం మాత్రం తలకిందులయింది.

అదే బొమ్మలో రెండో దోషం మరింత ప్రమాదకరమైనది. పెద్ద పొట్లం కలపవలసింది లీటరు నీళ్ళలో. బొమ్మలో లీటరు లేదు, గ్లాసు వుంది. నాపరాతి గనిలో బండలు మోసే వొకామె పొట్లమంతా ఆ గ్లాసులోనే కలిపి బిడ్డకు పట్టించింది. నీళ్ళు చాలక ఎండిపోతున్న వొంట్లోకి అంత ఉప్పు వొక్కసారి పోతే రక్తంలో ఉప్పు పెరిగి బిడ్డకు మూర్ఛ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అదృష్టవశాత్తూ ఆ బిడ్డ సగం కక్కేసి బతికాడు. ఆమెను నర్సమ్మ కోప్పడుతున్నప్పుడు నేను అక్కడే వున్నాను. "గోడ మీద గ్లాసే ఉన్నది గదమ్మా" అన్నదామె. దానికి నర్సమ్మ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆ రోజునుంచే నేను గోడలు చదవటం మొదలుపెట్టాను.

యీ దోమ కథ ఆరోగ్య ప్రచారకులందరికీ తెలిసిందే: బారెడు దోమ బొమ్మ చూపించి మలేరియా గురించి వుపన్యసిస్తే, "మా వూళ్ళో గింత పెద్ద దోమలు లేవు, మాకు భయం లేదు" అన్నారట గ్రామస్థులు. దీన్ని చెప్పుకొని నవ్వటం మన చదువుకున్నవాళ్ళకు అలవాటు. నవ్వవలసింది ఎవరిని? చిన్నదాన్ని పెద్దది చేసి చూపటం, దూరాన వున్నదాన్ని చిన్నగా గీయటం, మనిషిని నడిమికి కోసి గర్భాశయాన్ని చూపటం, యివన్నీ బడిలో పుస్తకం ముందేసుకొని మనం నేర్చుకున్న సంకేతాలు. నేర్చుకున్నామన్న సంగతే మరచిపోయేంత చిన్నప్పుడు నేర్చుకున్నాం. తలా కాళ్ళూ లేకుండా పొట్ట వరకే గీసిన గర్భిణి బొమ్మను చూసి వొక లంబాడీ తల్లి "తలకాయ ఎందుకు తీసిండ్రు?" అని నన్ను అడిగింది. అంతకన్న మంచి విమర్శ నేను చేయలేను.

యిది మన వూళ్ళకే పరిమితమైన సంగతి కాదు. దక్షిణాఫ్రికాలో రోస్ డౌస్ అనే ఔషధశాస్త్ర అధ్యాపకురాలు, ఆమె సహచరులూ 2001 ప్రాంతంలో పరిశీలించి తేల్చినదేమంటే, అమెరికాలో తయారైన మందుల గుర్తులకన్న అక్కడి ఖోసా ప్రజలతో కూర్చొని గీసిన గుర్తులు వారికి మెరుగ్గా అర్థమయ్యాయి. 2006లో పీటర్ హౌట్స్, ఆయన సహచరులూ అనేక పరిశోధనలను వొకచోట సమీక్షించి, బొమ్మ మాటకు తోడైనప్పుడు చదువు తక్కువవాళ్ళకు ఎక్కువ మేలు చేస్తుందనీ, బొమ్మ వివరణను చూసేవాడికే వొదిలిపెట్టరాదనీ చెప్పారు. మాటకు తోడైనప్పుడు అన్న షరతును మన గోడలు ఎగరగొట్టాయి.

అయితే దీన్నిబట్టి చదువురానివారికి బొమ్మలు చదవటం చేతకాదని తీర్మానించటం పెద్ద పొరపాటు. వాళ్ళు చదివినన్ని బొమ్మలు మనం చదవం. బీడీకట్ట, అగ్గిపెట్టె, ఎరువుల బస్తా, పురుగుమందు డబ్బా, అన్నీ వారికి మార్కులే. పేరు చదవకుండానే దుకాణంలో సరైనదాన్ని తీసుకుంటారు, నకిలీని పట్టుకుంటారు. యింకా పెద్ద వుదాహరణ వుంది. 1951–52లో స్వతంత్ర భారతదేశపు మొదటి ఎన్నికల్లో వోటర్లలో అత్యధికులు నిరక్షరాస్యులు. అభ్యర్థికొక పెట్టె పెట్టి, పెట్టెమీద గుర్తు అంటించారు. దేశాన్ని ఎవరు పాలించాలో ఆ బొమ్మలు చూసి నిర్ణయించారు ప్రజలు. ఎవరూ పొరబడలేదా అంటే పొరబడ్డవాళ్ళూ వుంటారు. కాని రావి నారాయణరెడ్డిని నల్లగొండ నుంచి అంతటి మెజారిటీతో పంపిన జనం పెట్టెమీది బొమ్మను పొరపాటున చూసినవారు కాదు. ఆ బొమ్మకు అర్థం గీతల్లోనుంచి రాలేదు. సభల్లోనుంచి, పాటల్లోనుంచి, బావిగట్టు వాదాల్లోనుంచి, పోరాటంలో పోయిన ప్రాణాల్లోనుంచి వచ్చింది. బొమ్మ చివరన వచ్చింది. ఆరోగ్యశాఖ వరస దీనికి విరుద్ధం. అక్కడ బొమ్మ మొదట వస్తుంది, దాని తర్వాత ఎవరూ రారు.

ఎన్నికల గుర్తునూ వ్యాపారపు మార్కునూ యింత బాగా చదివే పాఠకుడికి మన ప్రభుత్వం ఏమి యిచ్చిందో చూడండి. 2009 మే 31 నుంచి పొగాకు పొట్లాలపై బొమ్మల హెచ్చరికలు తప్పనిసరి అయ్యాయి. సిగరెట్, బీడీ పెట్టెలకు ఊపిరితిత్తుల ఎక్స్‌రే వగైరా. నమిలే పొగాకుకు తేలు. తేలెందుకు? క్యాన్సర్ అనే పాశ్చాత్య మాటకు మూలార్థం ఎండ్రకాయ. ఆ రాశికి మనం కర్కాటకమనే పేరు పెట్టుకున్నాం. తేలు వృశ్చికం! పోనీ ఎండ్రకాయే వేసినా, రాచపుండుకూ దానికీ వున్న సంబంధం లాటిన్ నిఘంటువు చూడనివాడికి తెలిసే అవకాశం లేదు. ధ్వనికి సహృదయుడు కావాలన్నారు ఆలంకారికులు. యీ ధ్వని అర్థం కావాలంటే సహృదయుడు చాలడు, మెడికల్ కాలేజీ కావాలి. దుకాణంలో మా విద్యార్థి వొకడి తండ్రి అడిగిన తీరు నేను స్వయంగా విన్నాను: "తేలు మార్కుది ఇయ్యి." ప్రజారోగ్యం కోసం వేసిన బొమ్మ వ్యాపారికి కాణీ ఖర్చులేని మార్కు అయిపోయింది. తర్వాత ఆ బొమ్మ పోయి నోటిపుండ్ల ఫోటోలు వచ్చాయి, 2016 ఏప్రిల్ నుంచి పొట్లానికి రెండువైపులా 85 శాతం మేర బొమ్మ వుండాలన్నారు. అది న్యాయమైన మార్పే. వాటిని చూసి ముఖం తిప్పుకునేవారిని చూశాను. కాని విడిగా బీడీ కొనుక్కునే కూలివాడి చేతికి పెట్టె రాదు, బొమ్మా రాదు. వొక బీడీకి 85 శాతం ఎంత?

చిహ్నానికి చరిత్ర అర్థమిస్తుందనటానికి ఎర్ర త్రికోణంకన్న వేరే సాక్ష్యం అక్కరలేదు. తలకిందులుగా వున్న యీ త్రికోణాన్ని 1960లలో కుటుంబ నియంత్రణకు గుర్తుగా రూపొందించినవాడు దీప్ త్యాగి. గీయటం తేలిక, గుర్తుంచుకోవటం తేలిక, మతానికీ భాషకూ సంబంధం లేదు. రూపం దృష్ట్యా నిర్దుష్టమైన చిహ్నం. కాని 1976–77లో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. ఎమర్జెన్సీ నీడలో ఎందరిని బలవంతంగా జీపులెక్కించారో పల్లెలకు తెలుసు. ఆ తర్వాత త్రికోణం కనబడితే జనం చూసింది జీపును. 1977లో శాఖ పేరే కుటుంబ సంక్షేమంగా మార్చవలసి వచ్చింది. త్రికోణం గీతలో తేడా ఏమీ రాలేదు.

అసలు మన దేశంలో బొమ్మ వొంటరిగా ఎప్పుడూ ప్రజల ముందుకు రాలేదు. చేర్యాల నకాషీలు గీసిన పటం మూరలకొద్దీ పొడవు వుంటుంది. కాని పటం విప్పేవాడు వేరే వున్నాడు. అతను పుల్లతో చూపుతాడు, పాడతాడు, ఎవరైనా అడిగితే ఆగి చెబుతాడు, కథలో తన కులదేవతతో పాటు ఆ వూరి పెద్దమనిషిని కూడా నాలుగు మాటలు అంటించగలడు. పటం ఆ మనిషికి జ్ఞాపకం, ఆసరా. అతను లేకపోతే అది చుట్టిపెట్టిన గుడ్డ. మన ఆరోగ్యశాఖ పటాన్ని తీసుకొని కథకుణ్ణి వొదిలేసింది. కారణం కళాదృష్టి లోపం కాదు. బొమ్మకు జీతం అక్కరలేదు. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా కార్యకర్తను ఉద్యోగి అనకుండా స్వచ్ఛంద సేవకురాలు అన్నారు. చేసిన పనికి యింత అని కట్టి, మాట్లాడిన గంటలకు ఏమీ కట్టలేదు. యింటింటికీ పోయి గంటసేపు మాట్లాడవలసిన మనిషిని పెట్టటానికి డబ్బు లేదు గాని, పోస్టర్లు అచ్చువెయ్యటానికి వుంది.

యిక్కడ సంస్కృత సాహిత్యంలో వొక పాత్ర గుర్తుకొస్తున్నది. ముద్రారాక్షసంలో నిపుణకుడు యమపటం పట్టుకొని పాటలీపుత్రంలో యింటింటికీ తిరుగుతాడు. నరకంలో పాపులు పడే బాధలు చూపించి భిక్ష అడుక్కునే వేషం అది. నిజానికి వాడు చాణక్యుడి వేగు. బొమ్మలు చూపి భయపెట్టటం పైకి కనబడే పని, యింట్లో ఎవరెవరున్నారో కనిపెట్టి పైకి చేరవేయటం అసలు పని. నర్సమ్మలు వేగులని నేననటం లేదు. వాళ్ళ కష్టం నాకు తెలుసు. కాని బొమ్మల పుస్తకం వొక చేతిలో, రిజిస్టరు మరొక చేతిలో పట్టుకొని యింటికి వచ్చిన మనిషిని ఆడవాళ్ళు ఎందుకు అనుమానంగా చూస్తారో యీ పాత నాటకం చదివితే కొంత అర్థమవుతుంది. భయం చూపే పటాలు మనకు కొత్త కాదు, వాటి వెనక రాజు నిలబడి వుండటమూ కొత్త కాదు.

రూపం గురించి యింత చెప్పాను. వస్తువు మాటేమిటి? తాండూరులో బండల ఫ్యాక్టరీలు చూసినవారికి ఆ దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. కోత దగ్గర, చెక్కుడు దగ్గర, లారీ ఎత్తే దగ్గర మనిషి కనురెప్పలు కూడా తెల్లబడతాయి. సిలికా వున్న రాతిపొడి ఏళ్ళతరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. సిలికోసిస్ అంటారు. అది వచ్చాక తిరిగి బాగుచేసే మందు లేదు. క్షయ సోకే అవకాశం కూడా పెరుగుతుంది. అనంతగిరి గుట్టమీద నిజాం కాలం నాటి క్షయ ఆసుపత్రి వుంది. మూసీ పుట్టిన చోటు, గాలి మంచిదని అక్కడ కట్టారు. గుట్టమీది మంచిగాలికీ కింద బండల మిషన్ల గాలికీ మధ్య వున్న దూరం కొద్ది మైళ్ళే. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియపరచవలసిన రోగాల్లో చేర్చింది. కాని నేను చూసిన గోడబొమ్మలో వున్నదేమిటి? నీలిచొక్కా, పసుపు టోపీ, ముఖానికి శుభ్రమైన మాస్కు వేసుకున్న ఎర్రటి మనిషి బొటనవేలు ఎత్తి చూపుతున్నాడు. కింద "మీ ఆరోగ్యం మీ చేతుల్లో" అనే అర్థం వచ్చే వాక్యం. బొమ్మలో మిషను లేదు. మిషనుమీద నీళ్ళు పోసే గొట్టం లేదు. దుమ్ము పీల్చే ఫ్యాను లేదు. యజమాని లేడు. దుమ్ము కూడా లేదు! వ్యాధికి కారణమైనదాన్నంతా బొమ్మలోంచి తుడిచివేసి, వ్యాధిగ్రస్తుడి చేతిలో మాస్కు వొకటి పెట్టి, బాధ్యత వాడిదే అని చెప్పటం ఆరోగ్య బోధ కాదు. బొమ్మను చూసి వొక కూలి అన్నాడు: "గిసొంటి అంగీ మాకెవడిస్తడు సార్?" ఆ ప్రశ్నలో ఫ్యాక్టరీల చట్టమంతా వుంది.

ఆత్మవిమర్శ కూడా కొంత చెయ్యాలి. మన సంఘాల పోస్టర్లలోని కార్మికుడెవరు? కండలు తిరిగిన చెయ్యి, బిగించిన పిడికిలి. బండలు కోసే మనిషికి ముప్పై అయిదేళ్ళకే చెయ్యి ఎట్లా వుంటుందో చూసి గీసిన బొమ్మ మన సభల్లో నేను అరుదుగా చూశాను. 1943 బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ గీసిన ఎముకల గూళ్ళు అట్లా చూసి గీసినవే. అందుకే ఆ పుస్తకాన్ని బ్రిటిషువాళ్ళు తగలబెట్టారు. 1919 నుంచి మాయకోవ్‌స్కీ, ఆయన మిత్రులూ రష్యాలో కిటికీలకు అంటించిన రోస్టా బొమ్మలు ఆ వారం వార్తకు ఆ వారమే గీసినవి. మనవి ఏళ్ళతరబడి అవే.

మరి బొమ్మ అక్కరలేదా? అక్కరలేదని నేననటం లేదు. డేవిడ్ వెర్నర్ మెక్సికో కొండపల్లెల్లో పనిచేసి రాసిన, డాక్టరు లేని చోట ఏం చెయ్యాలో చెప్పే పుస్తకాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులోకి తెచ్చింది. అందులో బొమ్మ పక్కన ఎప్పుడూ "యిట్లా చెయ్యండి, యిది వద్దు" అనే మాట, కారణం వుంటాయి. 1963లో బ్రెజిల్‌లో ఆంజికోస్ అనే వూళ్ళో పావులో ఫ్రెయిరీ కూలీలకు చదువు చెప్పినప్పుడు ముందు అక్షరం చూపలేదు. వాళ్ళ బతుకు బొమ్మే చూపి, యిందులో ఏమున్నది, ఎందుకున్నది అని అడిగాడు. మరుసటి సంవత్సరం సైన్యం అధికారంలోకి వచ్చి ఆయన్ని జైల్లో పెట్టింది. అడగటం ఎంత ప్రమాదమో సైనికులకు అర్థమయింది.

అంతదూరం ఎందుకు, మన నెల్లూరు వుంది. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత వుద్యమంలో వయోజనుల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం వుండేది. రాత్రిబడిలో ఆ పాఠం మీద చర్చ తమ యింటి సారా మీదికి మళ్ళింది. దూబగుంట ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. తాగుడు ఆరోగ్యానికి హానికరమని అప్పటికి ఎన్ని గోడలమీద రాసి వుందో లెక్కలేదు. హాని అని తెలియక ఎవరూ తాగలేదు, తాగనివ్వలేదు. రాత్రిబడి చేసిన కొత్త పనల్లా, వొక్కొక్క యింట్లో వొక్కొక్కతె పడే బాధను పదిమంది ముందు మాట్లాడుకొనేట్టు చెయ్యటమే.

మన పొరుగున జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, వారిలో అక్షరం రానివారు కూడా, కెమెరా పట్టుకొని తమ చేలగురించి, విత్తనాలగురించి సినిమాలు తీశారు. బొమ్మ చూడవలసినవాళ్ళు బొమ్మ తీసేవాళ్ళయ్యారు. ఆ సినిమాలన్నిటినీ నేను మెచ్చుకోను, కొన్ని సాగదీసినట్టుంటాయి. అయినా వాటిలో వొక్క మనిషి కూడా తల లేకుండా లేదు.

కిందటి వేసవిలో మా విద్యార్థులు ఆరుగుర్ని వెంటబెట్టుకొని తాండూరు దగ్గర తండాకు పోయి, ఆ ఓఆర్‌ఎస్ బొమ్మను అక్కడి ఆడవాళ్ళతోనే తిరిగి గీయించాను. మొదటి వాదం లీటరు దగ్గరే వచ్చింది. చెంబు అన్నది వొకామె. ఎవరి చెంబు అన్నది మరొకామె. బస్టాండులో అమ్మే లీటరు నీళ్ళ సీసా అందరికీ తెలుసు, అదే గీయమన్నారు. బొమ్మలను పక్కపక్కన కాకుండా కిందికి వరసగా గీయమన్నారు. బిడ్డ కళ్ళు గుంటలు పడ్డట్టు గీస్తే, "గట్ల కాదు, పొట్టమీది తోలు పట్టి ఇడిస్తె ఎనక్కి పోదు, గది గియ్యి" అన్నదొక ముసలమ్మ. డాక్టర్లు చూసే గుర్తుల్లో అదొకటని మా విద్యార్థికి అప్పటిదాకా తెలియదు. అంతా అయ్యాక ఆమే సీసావైపు చూపి, "ఇండ్ల నీళ్ళు యాడికెల్లి వచ్చినయ్?" అని అడిగింది. నల్లా గీయమన్నారు. రెండు రోజులకొకసారి వచ్చే నల్లా, దాని పక్కన పగిలిన పైపు, పైపు పక్కన మురికి కాలువ. మా కుర్రవాడు అన్నీ గీశాడు.

ఆ బొమ్మను తీసుకొని ఆరోగ్య కేంద్రానికి పోతే అక్కడి అధికారి చాలా మెచ్చుకున్నాడు. సీసా బాగుందన్నాడు, కిందికి వరస బాగుందన్నాడు. చివరి గడి మాత్రం కత్తిరించి తెస్తే గోడకు అంటిస్తానన్నాడు. మా కుర్రవాడు తండాకు వెళ్ళి అడిగి వస్తానన్నాడు. ఆడవాళ్ళు కత్తిరించవద్దన్నారు. యిప్పుడది తండాలో కిరాణా కొట్టు తలుపుమీద వుంది.